అది పెద్దదయ్యాక

దంతాలపల్లి
9 జనవరి 1949

అక్కా,

నీకూ బావకూ నమస్కారాలు. యాకమ్మ గురువారం ప్రసవించింది. ఆడపిల్ల. తల్లి క్షేమం. ఈ మాటలు ముందు రాస్తున్నాను. తరువాత రాసేది చదివితే నువ్వు వీటిని మరిచిపోతావు.

పిల్ల వీపు మీద గడ్డతో పుట్టింది. నడుము కింది భాగంలో, సరిగ్గా వెన్నెముక మీద ఉంది. నిమ్మకాయంత ఉంటుంది. పైన తోలు ఉంది, లోపల నీళ్లున్నట్టు కదులుతుంది. పిల్ల ఏడిస్తే గట్టిపడుతుంది, ఊరుకుంటే మెత్తబడుతుంది. కుడికాలు బాగానే ఆడిస్తుంది. ఎడమకాలు కూడా ఆడిస్తుంది కానీ పాదం వేలాడినట్టుంటుంది.

మంత్రసాని బుచ్చవ్వ పిల్లను తిప్పి చూసి, మళ్లీ తిప్పి చూసింది. చివరికి, "గడ్డనే. ఊకె గడ్డనే. నా చేతుల మీద ఎన్ని గడ్డలు పోలేదు, గిదెంత?" అన్నది. నా ముఖం మాత్రం చూడలేదు. యాకమ్మ పిల్లను ఒడిలోంచి దించడం లేదు. ఎవరైనా లోపలికి వస్తే కొంగు కప్పేస్తుంది.

ఊళ్లో సంగతి నీకు తెలుసు. బడిలో మిలిటరీ కాంపు పెట్టారు, నేను చర్చి వసారాలో పాఠాలు చెబుతున్నాను. పొద్దు గూకితే తలుపులు వేసుకుంటాం. ఎవరు కొట్టినా తీయం. సిపాయిలైతే ఒక భయం, అడవి నుంచి అన్నం కోసం వచ్చిన మన పిల్లలైతే ఇంకో భయం. పగలు కూడా బండి కట్టాలంటే కాంపులో చీటీ తెచ్చుకోవాలి. పసిపిల్లను ఊరికే అటూ ఇటూ తిప్పే రోజులు కావివి.

అందుకే నిన్ను అడుగుతున్నాను. కాజీపేట అవతలి మిషన్ దవాఖానకు నీకు రైలు ఉంది. డాక్టరమ్మను అడిగిరా. కోయాలా? కోస్తే ఎప్పుడు? ఇప్పుడే బయలుదేరమంటే ప్రాణాలకు తెగించి బయలుదేరుతాం. ఆగమంటే ఆగుతాం. ఏదో ఒకటి ఖాయంగా తెలిస్తే చాలు. తెలియక కూర్చోవడం నావల్ల కావడం లేదు.

నీ తమ్ముడు
ఎల్లస్వామి


జనగామ
17 జనవరి 1949

తమ్ముడు ఎల్లస్వామికి,

ప్రభువు మీ ముగ్గురినీ ఒక కప్పు కింద కాపాడాలి.

నీ ఉత్తరం అందిన మరునాడే దవాఖానకు వెళ్లాను. మీ బావ వద్దన్నారు. పట్టాల మీద ఏదో పెట్టారని ముందు రోజు రైలు ఆగిపోయిందట. గూడ్సు గుమాస్తా పెళ్లాం రైలుకు భయపడితే ఎట్లా అని నేనే అన్నాను కానీ, దారంతా కిటికీ చెక్క పట్టుకునే కూర్చున్నాను.

డాక్టరమ్మ దొరసాని అయినా తెలుగు బాగా వచ్చు. బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు, అచ్చం పాస్టరుగారి ప్రార్థనలా ఉంటుంది. నీ ఉత్తరం వరుసగా చదివి వినిపించాను. ఆమె అడిగినవి, నేను చెప్పినవి ఆ వరుసలోనే రాస్తున్నాను. "శిశువు కాళ్లు కదలించుచున్నదా?" కదిలిస్తున్నది, ఎడమ పాదం తప్ప. "తోలు చిట్లినదా? నీరు కారుచున్నదా?" లేదు. "పాలు త్రాగుచున్నదా?" నువ్వు రాయలేదు, తాగుతుందనే చెప్పాను. తాగకపోతే వెంటనే రాయి.

అంతా విని ఆమె అన్నది: "ఇప్పుడు వద్దు. ఇప్పుడే కత్తి పెట్టిన తాళలేదు. అది పెద్దదైన తరువాత తీసుకొని రండి." ఎంత పెద్దది కావాలమ్మా అని అడిగాను. నవ్వి, రెండు చేతులూ ముందుకు చాపి, "చేతినిండుగా కావలెను" అన్నది. వీపు మీద శుభ్రమైన కట్టు కట్టి ఉంచమన్నది. ఎప్పుడైనా తడి కనిపిస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగవద్దన్నది. ఈ మాట రెండుసార్లు చెప్పింది.

కాబట్టి ఇప్పుడు బయలుదేరకండి. అది పెద్దదయ్యేదాకా ఆగండి. నా పాత నూలు చీర చింపి, ఉతికి, ఎండబెట్టి, ఇస్త్రీ చేసి పంపుతున్నాను. కట్టుకు పనికొస్తుంది. నువ్వు కిందటి నెల పంపిన కంది బస్తా అందింది. కొలిస్తే నువ్వు రాసినదానికన్నా రెండు మానికలు ఎక్కువ వచ్చాయి. అవి నీ పేరనే విడిగా పెట్టాను.

యాకమ్మను ఏడవొద్దని చెప్పు. ఏడిస్తే పాలు తగ్గుతాయి.

అక్క పుష్పమ్మ


దంతాలపల్లి
29 జనవరి 1949

అక్కా,

నీ ఉత్తరం చేరిన రోజు మా ఇంట్లో పండుగ అన్నట్టే. కవరు ఎవరో విప్పి మళ్లీ అంటించారు, మూల మీద నల్ల ముద్ర ఉంది. విప్పితే విప్పారు, చేరింది కదా. అందరి ముందు గట్టిగా చదివాను. బుచ్చవ్వ లేచి నిలబడి చేతులు ఊపింది. "నేను జెప్పలే? దొరసాని జెప్తె ఇంటరు, బుచ్చవ్వ జెప్తె ఇనరు! తొందరపడి కత్తి పెట్టొద్దని మొదటి సంది మొత్తుకుంట లేనా?" అన్నది. యాకమ్మ పిల్ల పుట్టినప్పటి నుంచి మొదటిసారి నవ్వింది.

నువ్వు చెప్పినట్టే కట్టు కడుతున్నాం. బుచ్చవ్వ పొద్దున, మాపటికి తానే వచ్చి మారుస్తుంది, ఇంకొకరిని ముట్టనివ్వదు. నీ చీర గుడ్డ మెత్తగా ఉంది, ఒరుసుకోవడం లేదు. పాలు తాగుతుంది, దిగులు వద్దు.

అక్కా, అది నిజంగానే పెద్దదవుతున్నది. నాకే కాదు, యాకమ్మకు కూడా తెలుస్తున్నది. మొన్నటికి ఇవాళ్టికి తేడా ఉంది. చేతినిండా ఇంకా కాలేదు కానీ, ఈ లెక్కన ఎన్నో రోజులు పట్టదు. పొద్దున లేవగానే మొదటి పని దాన్ని చూసుకోవడమే. పెరిగితే అంత సంతోషం. ఆ రోజు ఇద్దరమూ అన్నం తింటాం.

కాంపులో కొత్త దుబాసి వచ్చాడు. కోస్తా మనిషి. మా మాటలు సుబేదారుకు హిందీలో చెబుతాడు. మనం నోరు తెరిస్తే చాలు, నవ్వుతాడు. పక్క వీధి పోచయ్య ఎడ్లు తప్పిపోయాయని చెప్పుకోను పోతే, ఆ మాట పలికిన తీరును పదిసార్లు అనిపించి పంపాడట, ఎడ్ల సంగతి మాత్రం అడగలేదట.

మళ్లీ రాస్తాను.
ఎల్లస్వామి


జనగామ
8 ఫిబ్రవరి 1949

తమ్ముడా,

నీ ఉత్తరం చదువుకొని మోకాళ్ల మీద పడి ప్రార్థన చేశాను. ఎసట్లో నీళ్లు మరిగిపోయాయి, బియ్యం పోయడం మరిచాను. నా ఇంట్లో అట్లాంటిది జరగదని నీకు తెలుసు. మీ బావ ఏమీ అనకుండా అటుకులు తిని డ్యూటీకి వెళ్లారు.

అది పెద్దదవుతున్నదన్న మాట ఎంత బలమిచ్చిందో రాయలేను. తొందరపడకండి. అది ఇంకా పెద్దది కానివ్వండి. పాలు బాగా తాగుతుందని రాశావు, అదే కావాలి. యాకమ్మకు జొన్న రొట్టె, వెల్లుల్లి కారం మానకుండా పెట్టు. పొద్దుటి ఎండలో కాసేపు ఉంచండి, కాళ్లకు నూనె రాయండి. చేతినిండా అయిందని నీకు నమ్మకం కలిగినప్పుడు రాయి, నేను ఏర్పాటు చేస్తాను.

ఒక్క చిక్కు ఉంది. డాక్టరమ్మ భూపాలపల్లి దిక్కుకు వెళ్లింది. అక్కడి అడవి పల్లెల్లో జ్వరాలు లేచాయట. ఎప్పుడు వస్తుందో దవాఖానలో ఎవరూ చెప్పలేకపోతున్నారు. అడవిలోకి పోయే బాట ఒకరోజు తెరిచి ఉంటుంది, ఒకరోజు మూస్తారు. కోసే చేయి ఆమెదొక్కటే. అడవి నుంచి ఆమె తిరిగి రాగానే నీకు కబురు చేస్తాను. అప్పటిదాకా సరుకు భద్రంగా ఉంచుకున్నట్టు ఇంట్లోనే ఉంచండి, నలుగురి కంటా పడనివ్వకండి. దిష్టి అంటే నాకు నమ్మకం లేదు, కానీ రోగాలు నలుగురి చేతుల మీదుగానే వస్తాయి.

ఇంకా పేరు పెట్టలేదేమి? బాప్తిస్మం దాకా ఆగుతారా? ఆగితే ఆగండి, ఒక్క పేరైనా అనుకోండి.

పుష్పమ్మ


దంతాలపల్లి
20 ఫిబ్రవరి 1949

అక్కా,

ఇది తపాలాలో వేయడం లేదు. బావకు తెలిసిన రైల్వే గ్యాంగు మనిషి యాదగిరి మహబూబాబాద్ నుంచి తెస్తాడు. చదివి వెంటనే జవాబు అతని చేతికే ఇవ్వు.

నిన్న నన్ను కాంపుకు పిలిచారు. నీ ఉత్తరం బల్ల మీద పరిచి ఉంది. సుబేదారు కుర్చీలో కూర్చున్నాడు, దుబాసి నిలబడి చదివాడు.

"'అది ఇంకా పెద్దది కానివ్వండి.' ఏమిటయ్యా ఆ పెద్దది కావాల్సింది? దళమా?"

"కాదు సార్. గడ్డ."

"'అడవి నుంచి ఆమె తిరిగి రాగానే నీకు కబురు చేస్తాను.' ఎవరీ ఆమె? భూపాలపల్లి అడవిలో ఏం పని?"

"డాక్టరమ్మ సార్. జెరమొచ్చినోళ్లకు మందియ్య పోయింది."

"జెరం! జ్వరం అనడానికి నోరు తిరగదూ? పంతులువంట కూడానూ! పిల్లలకీ ఇదే నేర్పుతున్నావా?" అన్నాడు. భాష తెలియని సిపాయిలు కూడా నవ్వారు. "'సరుకు భద్రంగా ఉంచుకున్నట్టు ఇంట్లోనే ఉంచండి, నలుగురి కంటా పడనివ్వకండి.' దీనికేం చెబుతావు?"

ఉన్నదంతా చెప్పాను. "నా బిడ్డ ఈపు మీద గడ్డ ఉన్నది సార్. అది పెద్దగైనంక తీసుకరమ్మన్నరు, కోసెతందుకు. గందుకే పెంచుతున్నం."

"ఏం పెంచుతున్నారు?"

"గడ్డను."

అతను ఉత్తరాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు, ఈసారి వేలు పెట్టి. ముఖంలో నవ్వు పోయింది. "ఇందులో గడ్డ అనే మాటే లేదయ్యా. పాలు బాగా తాగుతోందట, అదే కావాలంది మీ అక్క. కాళ్లకు నూనె రాయమంది. గడ్డకి పాలు ఎవరు పడతారు? గడ్డకి కాళ్లెక్కడివి? పిల్ల పెద్దదయ్యాక తీసుకురమ్మని కదయ్యా రాసింది!"

అక్కా, మా ఇంట్లో మొదటి నుంచీ మేము గడ్డను గడ్డ అనం. అనడానికి భయం. "అది" అంటాం. "అది ఎట్లున్నది?", "దానికి గుడ్డ తగలనీయకు." పిల్లనేమో "బుజ్జి" అంటాం. నీ ఉత్తరంలో "అది" అని కనిపించగానే ముగ్గురికీ ఒక్కటే అర్థమైంది. బుచ్చవ్వ కట్టిన కట్టు ఒట్టి గుడ్డ కాదు. అవిసె గింజలు నూరి, వేడి చేసి, ఆముదపాకు మీద పరిచి, రెండు పూటలా వేసింది. గడ్డ తొందరగా పండితే, తొందరగా కోయించుకొని రావచ్చునని. దాని పైన నీ చీర గుడ్డ. అది పెద్దదవుతున్నదని నేను రాసినదంతా గడ్డ గురించే.

ఇంటికి ఎట్లా పరుగెత్తానో తెలియదు. కట్టు విప్పాను. ఉల్లిపొర చూశావు కదా, తోలు అట్లా అయింది. మెరుస్తున్నది. లోపలి నీళ్లు కంటికి కనిపిస్తున్నాయి. బుచ్చవ్వకు చెబితే గోడకు ఆనుకొని కూలబడింది. "గది గడ్డ గాకపోతె మరేందిరా? గడ్డనే అనుకున్న బాంచెను, నా చేతులిరగ, గడ్డనే అనుకున్న" అంటూ కూర్చుంది. యాకమ్మ లేచింది. ఆ ముద్ద తీసుకెళ్లి పెంటకుప్ప మీద పారేసి, చేతులు కడుక్కుంటూనే ఉంది.

తడి ఇంకా లేదు. నేను కదలడానికి లేదు. విచారణ అయ్యేదాకా రెండు పూటలా కాంపులో కనిపించాలి. ఇప్పుడేం చేయాలి? నువ్వు చెప్పిన "పెద్దది" పిల్ల అయితే, పిల్ల ఇంకా చేతినిండా కాలేదు. తోలు చూస్తే ఆగేటట్టు లేదు. పిల్ల కోసం ఆగాలా, గడ్డ కోసం పోవాలా?

ఎల్లస్వామి


జనగామ
22 ఫిబ్రవరి 1949

తమ్ముడా,

ఆగవద్దు. యాకమ్మను, పిల్లను పంపు. నువ్వు రాలేకపోతే రాకు.

నీ ఉత్తరం నిలబడే చదివాను. నా పాత ఉత్తరంలో "అది" అని ఎన్నిచోట్ల రాశానో గుర్తు చేసుకుంటూ వేళ్లు మడిచి లెక్కపెట్టాను. డాక్టరమ్మ అన్న మాట అన్నట్టే రాశాను. అన్నట్టే రాయడం మంచిదని అనుకున్నాను. ఇక ఇవన్నీ పిల్ల దవాఖాన చేరాక.

ముందు చేయవలసినవి. కట్టులో మందు, ఆకు, నూనె ఏదీ వద్దు. గుడ్డ మరుగుతున్న నీళ్లలో వేసి ఆరబెట్టి, గడ్డ మీద వదులుగా కప్పండి. పిల్లను వెల్లకిలా వేయకండి. ఒడిలో బోర్లా పడుకోబెట్టుకోవాలి. బండిలో గడ్డి మందంగా పరిచి, పైన బొంత. పాలు పట్టేటప్పుడు కూడా వీపు మీద చేయి ఆనకుండా ఎత్తుకోవాలి. బుచ్చవ్వను వెంట పంపు. నాకు ఆమె మీద కోపం ఉంది, అయినా ఆమెనే పంపు. దారిలో పిల్లను ఎత్తుకోవడం ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మహబూబాబాద్ నుంచి కాజీపేట బండి ఎక్కించండి. కాజీపేట ప్లాట్‌ఫారం మీద నేను ఉంటాను. ఆ రోజు రాకపోతే మరునాడూ ఉంటాను.

ఒకటి దాచను. డాక్టరమ్మ ఇంకా రాలేదు. భూపాలపల్లి బాట మూసేశారని దవాఖానలో అంటున్నారు. వచ్చాక బయలుదేరుదాం అనుకుంటే, ఆమె వచ్చిన రోజున మీకు చీటీ దొరకకపోవచ్చు. దవాఖాన అరుగు మీద కూర్చొని ఎదురుచూడడమే నయం.

దుబాసికి నా పేరు చెప్పి దండం పెట్టు.

పుష్పమ్మ


దంతాలపల్లి
26 ఫిబ్రవరి 1949

అక్కా,

పంపాను. తెల్లవారి కాంపులో చీటీ ఇచ్చారు. పోచయ్య బండి కట్టాడు.

ఊరు దాటిన చోట సిపాయి బండి ఆపి, ఒడిలో ఏముందో చూపించమన్నాడట. చీటీ చూపితే ఒప్పుకోలేదట. యాకమ్మ గుడ్డ తీసి చూపించింది. అతను తల పక్కకు తిప్పుకొని, "జావ్, జావ్" అంటూ ఎడ్లను తానే అదిలించాడట. ఇది స్టేషన్ నుంచి తిరిగి వచ్చి పోచయ్య చెప్పాడు.

ఇంకొకటి కూడా చెప్పాడు. రైలు ఎక్కేటప్పుడు యాకమ్మ ఒడి తడిగా ఉందట. "పిల్ల పోసిందేమో తియ్యి పంతులూ, పసిపిల్లలు పొయ్యకపోతె ఎట్ల" అన్నాడు. పోసిందేనని అనుకోవాలని చూస్తున్నాను.

పొద్దున, మాపటికి కాంపు గుమ్మంలో నిలబడి వస్తున్నాను. ఇంటికి వస్తే ఉయ్యాల కనిపిస్తుంది. చర్చిలో పడుకుంటున్నాను.

ఎల్లస్వామి


దంతాలపల్లి
5 మార్చి 1949

అక్కా,

పోచయ్య వడ్ల బస్తాలు వేయడానికి మహబూబాబాద్ పోతే అక్కడ యాదగిరి కలిశాడట. "మీ పంతులుకు చెప్పు, అది పోయింది, భయం లేదట" అన్నాడట. అంతే అన్నాడట. రైలు కదులుతుంటే అన్నాడట. పోచయ్య నా ముందు తలగుడ్డ తీసి నిలబడ్డాడు.

ఏది పోయింది అక్కా? 

భయం లేదు అంటే యాకమ్మకా?

పోచయ్యను ఎన్నిసార్లు అడిగినా అదే మాట చెబుతున్నాడు. నిన్నటి నుంచి ఊరివాళ్లు వచ్చి కూర్చొని పోతున్నారు. వాళ్లను పొమ్మనలేను, ఉండమనలేను.

ఒక్క మాట రాయి.


మిషన్ దవాఖాన నుంచి
7 మార్చి 1949

ఈ కవరు ముందుగా విప్పే దుబాసి గారికి,

అయ్యా, పిల్ల బతికి ఉంది. పిల్ల వీపు మీది గడ్డ తీసేశారు. ఈ రెండు మాటలూ విడివిడిగా నా తమ్ముడు ఎల్లస్వామిని పిలిచి ఇప్పుడే చెప్పండి. మిగిలింది తీరిక వేళ చదువుకోండి. ఇందులో మీకు పనికివచ్చేది ఏమీ లేదు, దాచినదీ ఏమీ లేదు.

తమ్ముడా,

యాదగిరి చేత నీ ఉత్తరం ఇవాళ అందింది. చదివి యాకమ్మకు చూపించలేదు. ఇంకో నకలు యాదగిరి చేతికి కూడా ఇస్తున్నాను, ఏది ముందు చేరితే అది. ఈసారి అతన్ని నోటితో ఏమీ చెప్పవద్దన్నాను. "పిల్లకు నయంగ ఉన్నది, గడ్డ పోయింది, భయం లేదని చెప్పు" అన్నది నేను అతనికి చెప్పిన మాట. రైలు కదులుతుంటే అతను దాన్ని పొట్టి చేశాడు. మనిషి ఏడుస్తున్నాడు, తిట్టకు.

ఇప్పుడు వరుసగా రాస్తాను.

కాజీపేటలో వాళ్లు దిగినప్పుడు కట్టు తడిసి ఉంది. అది మూత్రం కాదు. తేట నీళ్లు, చుక్క చుక్కగా వస్తున్నాయి. పిల్ల ఒళ్లు వెచ్చగా తగిలింది. దవాఖాన చేరాక నర్సులు కొత్త కట్టు వేసి, డాక్టరమ్మ రాలేదని చెప్పారు. మేము వరండాలో కూర్చున్నాం. యాకమ్మ బాట మీది నుంచి కళ్లు తిప్పలేదు. బుచ్చవ్వ అన్నం ముట్టలేదు, నేను తినమనలేదు.

మరునాడు పగటి వేళ డాక్టరమ్మ జీపు వచ్చింది, బురదలో ముంచి తీసినట్టుంది. బాట తెరవకపోతే వాగులో నుంచి తోలించిందట. ఆమె టోపీ కూడా తీయకముందే ముగ్గురమూ ఎదురు నిలిచాం. పిల్లను చూసింది. బుచ్చవ్వ, "నేనే కట్టిన దొరసానమ్మా, అవిసె కట్టు నేనే కట్టిన" అని ఎవరూ అడగకుండానే చెప్పింది. డాక్టరమ్మ ఆమె భుజం మీద చేయి వేసింది కానీ పర్వాలేదని అనలేదు.

నేను అన్నాను: "అమ్మా, ఈసారి 'అది' అనకుండా చెప్పండి. పిల్ల అయితే పిల్ల అనండి, గడ్డ అయితే గడ్డ అనండి."

ఆమెకు ముందు అర్థం కాలేదు. ఉత్తరాల సంగతి చెప్పాను, అర్థమయ్యాక టోపీ తీసి పక్కన పెట్టింది. తరువాత ఒక్కో మాట విడదీసి చెప్పింది: "ఇప్పుడు కోసినయెడల శిశువు మత్తుమందునకు తాళలేక మరణింపవచ్చును. శిశువు చిన్నది. ఆగినయెడల గడ్డ పూర్తిగా చిట్లి, ఆ ద్వారమున విషము వెన్నులోనికి, తలలోనికి పోవును. శిశువునకు మూడు నెలలు నిండవలెనని నేను కోరితిని. ఇప్పుడు ఆ నెలలు మన చేతిలో లేవు."

ఏది తక్కువ భయమని అడిగాను. "రెండును భయమే" అన్నది. అబద్ధం చెబితే బాగుండునని అనిపించింది.

దవాఖాన గుమాస్తా, పిల్ల తండ్రి దస్తకత్తు కావాలన్నాడు. నేను నీ సంగతి చెప్పబోతుంటే యాకమ్మ ముందుకు వచ్చింది. "అయ్యను కాంపుల నిలబెట్టిండ్రు. అవ్వను నేనున్న గద, నా ఏలు ముద్ర పడదా?" అన్నది. పిల్ల పేరు అడిగాడు. లేదన్నాను. "ఎందుకు లేదు వదినె, బిడ్డ పేరు దీనమ్మ" అన్నది. ఎప్పుడు అనుకుందో తెలియదు. నీకు ఇష్టమో కాదో తరువాత మీరిద్దరూ తేల్చుకోండి. ముద్ర వేస్తూ డాక్టరమ్మతో అన్నది, "కోయుండ్రి. ఆగుడు నాతోని గాదు ఇగ. ఆగి ఆగి పెంచిన."

లోపలికి తీసుకెళ్లారు. ఆ సమయం గురించి రాయను. బుచ్చవ్వకు చెంబుతో నీళ్లు ఇచ్చాను, తాగింది. అంతకన్నా ఎక్కువ నాకు చేతకాలేదు.

దీనమ్మ బతికింది. మత్తు నుంచి లేవడం ఆలస్యమైతే డాక్టరమ్మ పిల్ల అరికాళ్ల మీద కొడుతూ కూర్చుందట. మేము తలుపు బయట ఆ చప్పుడు విన్నాం, ఏమిటో తెలియలేదు. తరువాత ఏడ్పు వినిపించింది. బోర్లా పడుకోబెట్టి, దూదితో నోట్లో పాలు పిండుతున్నారు. జ్వరం మొన్న ఎక్కువైంది, నిన్న తగ్గింది, ఇవాళ లేదు. రేపటి సంగతి నేను రాయలేను.

కుడికాలు ఆడుతున్నది. ఎడమకాలు ఆడడం లేదు. పుట్టినప్పుడు పాదమే వేలాడేదని నువ్వు రాశావు. ఇప్పుడు మోకాలి దాకా అట్లాగే ఉంది. డాక్టరమ్మ తాళంచెవితో అరికాలు గీసి చూసింది, కదలలేదు. ఇది మన కట్టు వల్లనా, పుట్టుకతోనేనా అని యాకమ్మ లేనప్పుడు అడిగాను. తనకు తెలియదన్నది. ఎన్నటికీ తెలియదన్నది. నువ్వు అడుగుతావని ముందే రాస్తున్నాను. బుచ్చవ్వను మాత్రం అడగకు.

ఇంకో భయం మిగిలి ఉంది, దాచితే మళ్లీ మోసం. వీపు దారి మూసుకున్నాక కొందరు పిల్లలకు ఆ నీరు తలకు ఎక్కుతుందట. పిల్ల తల, అంటే దీనమ్మ తల, ఒంటికి మించి పెరుగుతున్నా, నడినెత్తి ఉబ్బినా, చూపు కిందికి దిగినా, మంచి రోజు, చీటీ, రైలు అని చూడకుండా తీసుకురమ్మన్నది. డాక్టరమ్మతో మూడుసార్లు చెప్పించుకొని, నేను తిరిగి అప్పజెప్పి, ఆమె అవునన్నాకే ఇక్కడ రాశాను. దానికి వైద్యం ఉందా అంటే, ఆమె నా చేయి పట్టుకుంది.

దుబాసి గారూ, ఇంతదాకా చదివి ఉంటే, నా తమ్ముణ్ణి ఎప్పుడు వదులుతారో సుబేదారు గారిని అడగండి. మీరు సరిగ్గా చదివిన మనిషి.

యాకమ్మ మంచం అంచున పడుకొని ఉంది, కన్ను మూయడం లేదు. పిల్ల కాలు పట్టుకొని ఉంది. ఆడే కాలు కాదు, ఆడని కాలు. ఆ కాలెందుకే, ఇంకో కాలు పట్టుకుంటే వేళ్లతో నిన్ను తన్నుతుంది కదా, నీకూ కొంచెం ధైర్యంగా ఉంటుంది అన్నాను.

"గా ఆడే కాలు సంగతి గదే జూసుకుంటది వదినె" అన్నది.

మీ అక్క
పుష్పమ్మ